ఎక్స్‌రే బాగుంది, నొప్పి తగ్గలేదు: మోకాలు మార్పిడి తర్వాత ఒక కేసు

64 ఏళ్ల మహిళ, గుంటూరు జిల్లా. కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ వేరే ఊళ్లో జరిగి తొమ్మిది నెలలైంది. గాయం బాగానే మానింది. కాలు నిటారుగా ఉంది, మోకాలు 110 డిగ్రీల దాకా ముడుచుకుంటోంది. నొప్పి మాత్రం పదికి ఎనిమిది. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లినప్పుడల్లా ఎక్స్‌రే తీసి "బాగుందమ్మా, టైమ్ పడుతుంది" అని పంపేశారు. ఇంకో ఆసుపత్రిలో బోన్ స్కాన్ (ఎముకలో ఎక్కడ మార్పు జరుగుతోందో చూపించే స్కాన్) తీసి "ఇంప్లాంట్ వదులైంది, తీసి కొత్తది వెయ్యాలి" అన్నారు. ఈ రెండు మాటల్లో ఏది నమ్మాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఇలాంటి వాళ్లు తక్కువేమీ లేరు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2012లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఆపరేషన్ అయి నెలలు గడిచాక కూడా చెప్పుకోదగ్గ నొప్పితో ఉన్నవాళ్లు మోకాలు మార్చుకున్నవాళ్లలో 10 నుంచి 34 శాతం, తుంటి కీలు మార్చుకున్నవాళ్లలో 7 నుంచి 23 శాతం. స్థూలంగా మోకాలికి ఐదుగురిలో ఒకరు, తుంటికి పదిమందిలో ఒకరు అనుకోవచ్చు. మిగతావాళ్లకి ఇది జీవితాన్ని తిరిగి ఇచ్చే ఆపరేషనే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఐదో మనిషికి మన దగ్గర సరైన దారి లేదు. ఇంట్లో వాళ్లు వ్యాయామం సరిగ్గా చెయ్యడం లేదంటారు, పక్కింటివాళ్లు ఆపరేషన్ ఫెయిలైందంటారు, డాక్టరు ఎక్స్‌రే చూపిస్తాడు.

మామూలుగా అయితే మొదటి ఆరు వారాలు నొప్పి గట్టిగానే ఉంటుంది. మూడు నెలలకి చాలావరకు దిగుతుంది. ఆ తర్వాత ఏడాది దాకా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. మూడు నెలలు దాటినా తగ్గుముఖం పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కేసి కారణం వెతకడం మొదలుపెట్టాలి. ఈమె విషయంలో ఆ వెతుకులాట తొమ్మిదో నెలలో మొదలైంది.

ఆమె చెప్పినది

నేను మొదట అడిగేది ఒకటే: ఆపరేషన్‌కి ముందు ఉన్న నొప్పీ, ఇప్పటి నొప్పీ ఒకటేనా? ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తెలుస్తుంది. పాత నొప్పే ఏ మార్పూ లేకుండా కొనసాగుతుంటే, అది అసలు మోకాలి నుంచి వచ్చిందేనా అని అనుమానించాలి. తుంటి కీలు అరిగినా, నడుములో నరం నొక్కుకున్నా నొప్పి మోకాలి దగ్గరే తెలియొచ్చు. కొన్నాళ్లు హాయిగా ఉండి మళ్లీ మొదలైతే ఇంప్లాంట్ వదులవడం గురించో, ఆలస్యంగా చేరిన ఇన్ఫెక్షన్ గురించో ఆలోచించాలి. ఆపరేషన్ రోజు నుంచీ తగ్గకుండా, గాయం చాలా రోజులు కారి ఉంటే ఇన్ఫెక్షన్ వైపు చూడాలి.

"అది వేరు బాబూ," అన్నారావిడ. "అప్పుడు లోపల ఎముకలు రాసుకుంటున్నట్టు తెలిసేది. ఇప్పుడు పైపైన మంట. చీర కుచ్చిళ్లు తగిలినా జివ్వుమంటంది. రాత్రి దుప్పటి కప్పుకోలేను."

ఎప్పటినుంచి? కుట్లు తీసిన రెండు మూడు వారాల తర్వాత. గాయం కారలేదు, జ్వరం రాలేదు. మెట్లు దిగేటప్పుడు మోకాలు జారిపోతున్నట్టు ఉంటుందా? ఉండదు. కుర్చీలోంచి లేచి మొదటి నాలుగు అడుగులే నొప్పా? కాదు, నడిచినా నడవకపోయినా ఉంటుంది. సాయంత్రం మోకాలు వాస్తుందా? కొంచెం. పాదాల్లో తిమ్మిర్లు? ఉన్నాయి, పదేళ్లుగా షుగర్ ఉంది.

మందుల సంచి టేబుల్ మీద పెట్టించి చూశాను. ఈ పని ఎప్పుడూ మానకూడదు. రోజూ నొప్పికి రెండు డైక్లోఫెనాక్, రెండు ట్రమడాల్ కలిసిన బిళ్లలు, నిద్రకి ఒకటి. మోకాలు వాచినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సులు, ఆఖరిది అంతకుముందు వారమే అయిపోయింది. దీనివల్ల ఒక చిక్కుంది. మోకాల్లో నీళ్లు తీసి పరీక్షించాలంటే, యాంటీబయాటిక్ ఆపి కనీసం రెండు వారాలు గడవాలి. లేకపోతే లోపల క్రిములున్నా కల్చర్‌లో (ఆ నీళ్లలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) పెరగవు, "ఇన్ఫెక్షన్ లేదు" అని తప్పుడు ధైర్యం వస్తుంది.

ఇంటి సంగతి కూడా అడిగాను. పెళ్లైన దగ్గర్నుంచి మిరపకాయల పని. కల్లంలో కింద కూర్చుని గంటల తరబడి తొడిమలు తీసిన మనిషి. మోకాళ్ల నొప్పి మొదలై పన్నెండేళ్లు. ఆపరేషన్ అయితే మళ్లీ కింద కూర్చోవచ్చని ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. ఇప్పుడు వంటింట్లో పదినిమిషాలు నిలబడలేకపోతున్నానని, కోడలికి భారమయ్యానని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. కొడుకు డాలస్ నుంచి ఫోన్‌లో ఉన్నాడు. "సర్, ఖర్చు గురించి ఆలోచించకండి, రివిజన్ చేసేయండి" అన్నాడు. ఎందుకు నొప్పి వస్తోందో తెలియకుండా రెండోసారి తెరిస్తే ఫలితం చాలా సందర్భాల్లో బాగోదని, ముందు కారణం తేల్చాలని చెప్పాను. అతనికి నచ్చలేదు. దూరాన ఉన్న కొడుకుల ఆందోళన నాకు అర్థమవుతుంది. ఏదో ఒకటి వెంటనే చెయ్యాలన్న టెన్షన్ వాళ్లది.

పరీక్షలో కనిపించినది

నడక చూశాను. కుంటుతోంది, కానీ తుంటి దగ్గర ఒరిగిపోవడం లేదు. పడుకోబెట్టి ముందు తుంటిని తిప్పి చూశాను. లోపలికి తిప్పినప్పుడు గజ్జల్లో నొప్పి లేదు, కదలిక రెండువైపులా సమానం. బోర్లా పడుకోబెట్టి మోకాలు వంచితే తొడ ముందుభాగంలో నరం లాగలేదు. మోకాలి రిఫ్లెక్స్ రెండోవైపుతో సమానంగా ఉంది. కాలి నాడి బాగా అందింది. మోకాలిని నిటారుగానూ, వంచీ పక్కలకి కదిపి చూస్తే వదులు లేదు. చిప్ప మధ్యలోనే కదులుతోంది. తొడ కండరం మాత్రం బాగా చిక్కిపోయింది, కొలిస్తే రెండు కాళ్లకీ తేడా మూడు సెంటీమీటర్లు.

తర్వాత మచ్చ దగ్గరికి వచ్చాను. దూదితో తాకితే బయటివైపు మొద్దుగా ఉంది. ఈ మొద్దుబారడం మోకాలు మార్పిడి తర్వాత చాలామందికి ఉండేదే. తొడ లోపలివైపు నుంచి దిగే సఫీనస్ నరం నుంచి ఒక సన్నటి కొమ్మ చిప్ప కిందుగా అడ్డంగా బయటివైపుకి వెళ్తుంది. మోకాలు మధ్యలో నిలువుగా కోసినప్పుడు ఆ కొమ్మ దాదాపు తప్పకుండా తెగుతుంది. సర్జన్ తప్పు కాదు, దారిలో ఉంది కాబట్టి తెగుతుంది. అందరికీ కొంత మొద్దు మిగులుతుంది, కొందరికి మాత్రం తెగిన కొస దగ్గర నరం చిన్న ముడిలా పెరుగుతుంది. దాన్ని న్యూరోమా అంటాం.

"ఎక్కువ నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండమ్మా," అన్నాను. చెయ్యంతా పెట్టి మోకాలు చుట్టూ తిప్పుతారనుకున్నాను. ఆమె చూపుడు వేలు తిన్నగా మచ్చకి లోపలివైపు, చిప్ప కింది అంచుకి రెండు వేళ్ల దిగువన ఆగింది. అక్కడ నా వేలి కొసతో మెల్లగా తట్టాను. కాలు ఒక్కసారిగా వెనక్కి లాక్కున్నారు. మంట మచ్చ దాటి బయటివైపుకి కరెంటు కొట్టినట్టు పాకిందన్నారు. పక్కకి రెండు సెంటీమీటర్లు జరిపి తడితే ఏమీ లేదు. తిరిగి అక్కడికే వస్తే మళ్లీ అదే.

తొమ్మిది నెలల్లో ఈ చోటుని ఎవరూ తట్టి చూడలేదట. నన్ను బాధించేది ఇదే. ఎక్స్‌రేలో ఎముక, లోహం కనిపిస్తాయి, నరం కనిపించదు.

నరాల నొప్పిని గుర్తించే డీఎన్4 ప్రశ్నావళిలో పదికి నాలుగు వస్తే నరం వైపు అనుమానించాలి. ఆమెకి ఆరు వచ్చింది. దిగులుని కొలిచే పీహెచ్‌క్యూ-9లో 13, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. అది కూడా వైద్యం చెయ్యాల్సిన విషయమే కాబట్టి రాసుకున్నాను. "నొప్పంతా మనసులోనే" అని ఆమెకి చెప్పడానికి కాదు.

ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చాలి

నరం దొరికిందని అక్కడితో ఆగిపోకూడదు. ఒక మోకాల్లో రెండు కారణాలు ఉండొచ్చు. ఇంప్లాంట్ చుట్టూ ఇన్ఫెక్షన్ తప్పిపోతే నష్టం ఎక్కువ, ముఖ్యంగా షుగర్ ఉన్న మనిషికి, పైగా అప్పుడప్పుడూ యాంటీబయాటిక్ వాడిన మనిషికి.

ఒంట్లో వాపుని, ఇన్ఫెక్షన్‌ని సూచించే రెండు రక్త పరీక్షలు చేయించాను: సీఆర్పీ లీటరుకి 4 మిల్లీగ్రాములు, ఈఎస్ఆర్ 26. రెండూ ధైర్యం ఇచ్చే అంకెలే కానీ, నెమ్మదిగా పెరిగే క్రిములు రక్త పరీక్షని ఏమార్చగలవు. అందుకని యాంటీబయాటిక్ మళ్లీ వాడొద్దని చెప్పి, రెండు వారాలు దాటాక ఆపరేషన్ థియేటర్ శుభ్రతతో నీళ్లు తీశాను. తెల్లకణాలు మైక్రోలీటరుకి 450. దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్‌ని అనుమానించే గీత 3,000 దగ్గర ఉంటుంది. కల్చర్‌ని 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కి ప్రత్యేకంగా రాసిచ్చాను, ఐదు రోజులకే మూసేస్తే కొన్ని క్రిములు బయటపడవు. ఏమీ పెరగలేదు.

బోన్ స్కాన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆమెకి రెండో ఆపరేషన్ చెప్పింది దాని ఆధారంగానే. మోకాలు మార్చిన తర్వాత ఏడాది దాకా, కొందరికి రెండేళ్ల దాకా, ఇంప్లాంట్ చుట్టూ ఎముక కుదురుకుంటూ ఉంటుంది. ఆ పని జరిగినంతకాలం స్కాన్‌లో అక్కడ చురుకుదనం కనిపించడం సహజం. తొమ్మిదో నెలలో అది కనిపించింది కాబట్టి ఇంప్లాంట్ వదులైంది అనడానికి వీల్లేదు. స్కాన్ మామూలుగా వచ్చి ఉంటే వదులవలేదని ధైర్యం చెప్పడానికి పనికొచ్చేది, అంతే. బరువు మోపి తీసిన ఎక్స్‌రేలని మొదటి నెల ఎక్స్‌రేల పక్కన పెట్టి చూశాను. సిమెంటు చుట్టూ నల్లగీత లేదు, ఏ భాగమూ కుంగలేదు. ఇంప్లాంట్ లోపలికి తిరిగి కూర్చుందేమో చూడ్డానికి సీటీ తీయించాను. మామూలు ఎక్స్‌రేలో ఈ తిరుగుడు తెలియదు. సరిగ్గానే ఉంది.

ఆమె ఫైల్లో నడుము ఎంఆర్ఐ కూడా ఉంది. ఎల్4-ఎల్5 (నడుము కింది వెన్నుపూసలు) దగ్గర నరాల దారి కొంత ఇరుకు అని రాసి ఉంది. ఈ వయసులో చాలామందికి నడుము స్కాన్‌లో ఇలాంటిది ఏదో ఒకటి కనిపిస్తుంది. పరీక్షలో దానికి సరిపోయే గుర్తు ఒక్కటీ లేదు, అందుకని దాన్ని వదిలేశాను.

ఆఖరి పరీక్ష సూదితో. అల్ట్రాసౌండ్ చూస్తూ, ఆ తట్టిన చోట చర్మం కింద, కీలు బయటే, మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ రెండు మిల్లీలీటర్లు మాత్రం ఇచ్చాను. పదినిమిషాల తర్వాత చీర అంచుని మోకాలి మీద రుద్ది చూడమన్నాను. రుద్దారు, మళ్లీ రుద్దారు. కారిడార్‌లో రెండుసార్లు నడిచి, పది మెట్లు ఎక్కి దిగారు. పదికి ఎనిమిది ఉన్న నొప్పి మూడుకి వచ్చింది. సున్నాకి రాలేదన్నది కూడా ముఖ్యమే.

ఆ మిగిలిన మూడు

సూదికి లొంగని ఆ భాగం ఎక్కడిది? పన్నెండేళ్లు ఆగకుండా నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు వాటికి మరీ సున్నితమైపోతాయి. చిన్న సంకేతం కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. అరిగిన ఎముక తీసేసినా ఆ సున్నితత్వం వెంటనే పోదు. నిద్రలేమి, దిగులు, "కదిలితే లోపల ఊడిపోతుందేమో" అన్న భయం దాన్ని నిలబెడతాయి. నొప్పి నిజమైనదే, దాన్ని నిలబెడుతున్నది మాత్రం కీలు కాదు. ఆపరేషన్‌కి ముందే నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి, ఒంట్లో వేరేచోట్ల కూడా నొప్పులున్నవాళ్లకి, దిగులుతో ఉన్నవాళ్లకి, ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే ఉన్నా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

ఇదంతా ఆమెకి అరగంట కూర్చుని చెప్పాను. ఇంప్లాంట్ గట్టిగా ఉందని సీటీ బొమ్మ చూపించాను. నరం ఎక్కడ ఉందో పెన్నుతో కాలి మీదే గీశాను. "అయితే నేను నడిచినా ఏం ఊడదా?" అని అడిగారు. ఊడదన్నాను. నా అనుభవంలో ఆ జవాబుకి కొన్ని మందులకి ఉన్నంత బలం ఉంది.

వైద్యం

మొదట తీసెయ్యాల్సినవి తీసేశాను. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 ఉంది, రోజూ డైక్లోఫెనాక్ కిడ్నీని దెబ్బతీస్తుంది. ట్రమడాల్‌ని మెల్లగా తగ్గించి ఆపించాను, ఎందుకంటే ఇవ్వబోయే డులాక్సెటిన్‌తో అది పడదు. రెండూ కలిస్తే సెరటోనిన్ ఎక్కువై ప్రమాదం. డులాక్సెటిన్ డైక్లోఫెనాక్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కాబట్టి నొప్పి ఎక్కువైన రోజుకి పారాసెటమాల్.

డులాక్సెటిన్ ఉదయం భోజనం తర్వాత 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకి 60 చేశాను. మొదటి వారం వికారం ఉంటుందని, సొంతంగా ఒక్కసారిగా ఆపెయ్యొద్దని ఇంట్లో వాళ్లకి కూడా చెప్పాను. ఇది నరాల నొప్పికీ దిగులుకీ రెండింటికీ పనిచేస్తుంది, ఈమెకి రెండూ ఉన్నాయి. అంతకుముందు ఎవరో నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ ఇస్తే తల తిరిగి బాత్‌రూమ్‌లో పడబోయారట, అందుకని దాని జోలికి వెళ్లలేదు.

కల్చర్ తేలాక, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి కొంత దిగాక, నరం చుట్టూ లిగ్నోకైన్‌తో పాటు కొద్దిగా స్టెరాయిడ్ ఇచ్చాను. కీలు లోపలికి స్టెరాయిడ్ వెయ్యకూడదు. ఇంప్లాంట్ ఉన్న మోకాల్లో ఇన్ఫెక్షన్‌కి దారి తెరిచినట్టవుతుంది. ఆ వారం షుగర్ పెరిగింది, అది ముందే అనుకున్నదే.

ఇంట్లో చెయ్యాల్సిన పనిలో మచ్చని అలవాటు చెయ్యడం ఒకటి. రోజుకి మూడుసార్లు ముందు దూదితో, అది ఓర్చుకోగలిగాక పట్టుబట్టతో, ఆ తర్వాత నూలు చీర ముక్కతో, చివరికి టవల్‌తో రుద్దుకోవాలి. కోడలు చీర ముక్కలు కత్తిరించి డబ్బాలో వరసగా పెట్టింది. ఫిజియోథెరపీలో మోకాలు బలవంతంగా వంచడం ఆపించి, తొడ, తుంటి కండరాల బలం మీద పెట్టించాం. నడక గడియారం చూసి: నొప్పి వచ్చేదాకా కాకుండా ఐదు నిమిషాలకే ఆగడం, వారం వారం కొంచెం పెంచడం. బాగున్నరోజు ఎక్కువ నడిచి మర్నాడు మంచాన పడే అలవాటు ఆమెకి ఉంది. చాలామందికి ఉంటుంది.

స్టెరాయిడ్ ఉపశమనం రెండు నెలలకి పలచబడింది. మళ్లీ ఒకసారి ఇచ్చాం. అప్పటికి ఆ నరం కొమ్మని రేడియోఫ్రీక్వెన్సీతో (రేడియో తరంగాలతో) మొద్దుబార్చడం, అవసరమైతే న్యూరోమాని కోసి తీసెయ్యడం గురించి కూడా మాట్లాడుకున్నాం. లిగ్నోకైన్‌కి స్పష్టంగా తగ్గినవాళ్లకే ఆ దారి పనికొస్తుంది, ఈమె ఆ కోవలోనే ఉన్నారు. కానీ రెండో సూది తర్వాత నొప్పి మూడు నాలుగు దగ్గర నిలబడింది, ఆమె వద్దన్నారు.

తుంటి విషయంలో

ఇదే పద్ధతి తుంటి కీలు మార్పిడికీ వర్తిస్తుంది, వెతకాల్సిన చోట్లు మాత్రం వేరు. కారు ఎక్కేటప్పుడో, మంచం మీదికి కాలు ఎత్తేటప్పుడో గజ్జల్లో పోటు వస్తే, కృత్రిమ కీలు గిన్నె ముందు అంచుకి, తొడని పైకెత్తే ఇలియోసోవాస్ కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువు రాసుకుంటోందేమో చూడాలి. లేచి వేసే మొదటి అడుగుల్లో తొడ మధ్యలో నొప్పి వస్తే తొడ ఎముకలోకి దించిన ఇంప్లాంట్ కాడ వదులైందేమో. ఆ వైపు తిరిగి పడుకోలేకపోతే తుంటి పక్కనున్న స్నాయువులు, వాటి కింది నీటిసంచి (బర్సా). పిరుదు నుంచి పిక్క దాకా లాగితే నడుము. లోహం మీద లోహం కదిలే పాతరకం కీళ్లు వేయించుకున్నవాళ్లకి నొప్పి ఉన్నా లేకపోయినా రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష అవసరం. ఆ రకంలో ఏఎస్ఆర్ అనే ఇంప్లాంట్‌ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

మూడో నెలలోనే

ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో స్టార్ పేరుతో ఒక ట్రయల్ జరిగింది; ఫలితాలు 2022లో వచ్చాయి. మోకాలు మార్పిడి అయి మూడు నెలలకి నొప్పి బాగా ఉన్నవాళ్లని గుర్తించి, ఒక గంటసేపు పూర్తిగా పరీక్షించి, దొరికిన కారణాన్ని బట్టి సర్జన్‌కో ఫిజియోథెరపిస్టుకో పెయిన్ క్లినిక్‌కో పంపి, ఫోన్లో కనుక్కుంటూ వచ్చారు. ఏడాదికి వాళ్ల నొప్పి, మామూలు వైద్యం అందినవాళ్ల కంటే తక్కువగా ఉంది. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. మూడో నెలలో అడగడం, ఒక గంట కేటాయించడం, ఆ తర్వాత వదిలెయ్యకపోవడం. మన జిల్లా కేంద్రాల్లో ఇప్పుడు ఇన్ని మోకాళ్లు మారుస్తున్నాం. ఆపరేషన్ ప్యాకేజీలో ఇంప్లాంట్ ధర ఎంతో, రూమ్ అద్దె ఎంతో రాసే కాగితం మీద, మూడో నెలలో ఈ గంట కూడా రాసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పటి పరిస్థితి

మొదటిసారి చూసి ఏడాది దాటింది. నొప్పి చాలా రోజులు రెండు మూడు మధ్య, చల్లటి రోజుల్లో ఐదు. నిద్ర పడుతోంది, నిద్ర బిళ్ల మానేశారు. పీహెచ్‌క్యూ-9 ఆరుకి దిగింది. తొడ కండరం తేడా సెంటీమీటరుకి వచ్చింది. ఊళ్లో రామాలయం దాకా కర్ర లేకుండా నడిచి వస్తున్నారు. మచ్చ బయటివైపు మొద్దు అలాగే ఉంది, ఉంటుంది. కింద కూర్చోలేరు, ఎత్తు స్టూలు మీద కూర్చుని, ముందు బల్ల వేసుకుని తొడిమలు తీస్తున్నారు. డులాక్సెటిన్ 30కి తగ్గించాం.

ఎడమ మోకాలు కూడా అరిగింది. దాని సంగతి ఆమే ఎత్తారు. ఆపరేషన్ చెయ్యాలా వద్దా ఇంకా నిర్ణయించలేదు. చేస్తే ముందు హెచ్‌బీఏ1సీ ఏడున్నర లోపు ఉండాలి, డులాక్సెటిన్ ఆపకూడదు, ఎడమ తొడ బలం ఇప్పటినుంచే పెంచాలి, మూడో నెల అపాయింట్‌మెంట్ ఆపరేషన్ రోజే రాసెయ్యాలి. కింద కూర్చోవడం రాదని ఈసారి కొడుకు, కోడలు వింటుండగానే చెప్పాను. సంక్రాంతి తర్వాత మళ్లీ రమ్మన్నాను.